రెండో పేజీ అక్కర్లేదన్నాను

ఫిబ్రవరి 5, గురువారం

ప్రియా, పొద్దున నువ్వు అన్నది తప్పు. మేఘ మరిచిపోలేదు. చేవెళ్ల బళ్లో ఎనిమిది నుంచి పది దాకా నా ఎదుటి బెంచీలో కూర్చున్న పిల్ల అది. మూడేళ్లలో ఒక్కనాడు హోంవర్కు మరిచిపోలేదు. నువ్వు ఫోన్లో "ఏడాదికి ఒక్క పని, అది గూడ యాది లేకుంటే ఎట్ల" అని గొంతు పెంచినప్పుడు నేను పక్క గదిలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. లేచి వచ్చి ఈ మాట నీతోనే అనవచ్చు. కోడలివి, పులివి కావు. కానీ కాయలు చాలా ఉన్నాయి.

జరిగింది జరిగినట్టు రాసుకుంటాను. మన పూల సైటు నిన్న సాయంత్రం నుంచి తెరుచుకోవడం లేదు. విమలతోట డాట్ ఇన్ అని కొడితే మన చామంతులు, గులాబీలు, నువ్వు కట్టిన పెళ్లి మండపాల ఫొటోలు రావాలి. వాటికి బదులు తెల్లటి పేజీ, దాని మీద 'ఈ పేరుకు గడువు తీరింది' అని ఒక ఇంగ్లీషు వాక్యం. నా పేరు మీద పెట్టిన సైటు గనుక, చదువుతుంటే నన్నే అన్నట్టున్నది.

ఈ సైటు పేర్లు సొంతం కావట. కిరాయి ఇల్లులాగా ఏటేటా కట్టి నిలబెట్టుకోవాలి. ఆ కట్టే పని మేఘది. మొయినాబాద్‌లో ఆమెకొక చిన్న ఆఫీసు ఉన్నది. ఈ చుట్టుపక్కల పదకొండు మంది వ్యాపారాల సైట్లు ఆమే చూసుకుంటుంది.

మూఢాలు పోవడానికి ఇంకా పన్నెండు రోజులు. పోయాయంటే అజీజ్‌నగర్ ఫాంహౌసుల్లో రోజుకు నాలుగు పెళ్లిళ్లు. పట్నం వాళ్లు సైటు చూసే మనకు పూలు చెబుతారు. నీ కోపం సరైన కోపమే. వెళ్లవలసిన ఇంటికి వెళ్లలేదు, అంతే.

ఫిబ్రవరి 6

సైటు రాలేదు. చిక్కుడుకాయ కూర బాగా కుదిరింది.

ఫిబ్రవరి 7, శనివారం

వెళ్లవలసిన ఇల్లు అని మొన్న రాసి ఆపేశాను. ఆ ఇంటి చిరునామా కూడా రాయాలి కదా.

జనవరి ఎనిమిదిన నా మెయిల్‌కు ఒక నోటీసు వచ్చింది. సైటు పేరు నా మీద ఉన్నది. తోట పట్టా నాది గనుక "అన్ని మీ పేరు మీదనే ఉండాలె అత్తమ్మా" అని ప్రియ పట్టుబట్టి పెట్టించింది. నోటీసు పైన లావు అక్షరాల్లో 'చివరి నోటీసు'. కింద నంబరు, గడువు తేదీ, విమలతోట డాట్ ఇన్, ఎంకపల్లి పిన్ కోడుతో సహా మా చిరునామా, శ్రీమతి కె. విమలమ్మ గారికి అని నా పూర్తి పేరు. మా ఆయన పోయి ఆరేళ్లయినా మా ఇంటికి కరెంటు బిల్లు ఆయన పేరు మీదే వస్తుంది. రిటైరయ్యాక నన్ను శ్రీమతి అని సంబోధించిన కాగితం ఇదొక్కటే.

తెర మీద చదివితే నాకు చదివినట్టుండదు. కాగితం చేతిలోకి రావాలి. మొయినాబాద్ వెళ్లి సాలోమోను జిరాక్స్ షాపులో ప్రింటు తీయమన్నాను.

"టీచరమ్మా, రెండు పేజీలున్నయి," అన్నాడు.

"రెండోదాంట్లో ఏమున్నది?"

"ఏదో సన్న అక్షరాలు. చీమలు పాకినట్టున్నయి."

"చీమలు నాకెందుకు. మొదటిది తియ్యి చాలు. రెండో పేజీ అక్కర్లేదు."

కాగితం మీదికి వచ్చేసరికి అది అచ్చం సర్కారు ఉత్తర్వులా ఉన్నది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఏ ఆఫీసూ నాకు రెండో నోటీసు పంపలేదు. మొదటిది వచ్చిన పూటే జవాబు పోయేది. ఇదేమో మొదటిసారే 'చివరి నోటీసు' అంటున్నది. అంటే ముందువి వచ్చాయి, నేను చూడలేదు అన్నమాట. అవమానమనిపించింది. ఎవరినీ అడగకుండా అదే సాయంత్రం కట్టేశాను. పోయినేడు మేఘ కట్టినదానికి ఆరు రెట్లు అడిగారు. అన్నీ పెరుగుతున్నాయి కదా అనుకున్నాను.

ఆ తర్వాత ఇంకో కంపెనీ నుంచి మెయిళ్లు మొదలయ్యాయి. సైటు పేరు గడువు దగ్గరపడింది, కట్టండి అని. ఒకసారి కట్టినదానికి మళ్లీ అడుగుతున్నారంటే వీళ్లే దొంగలు అని తేల్చి, వచ్చినవి వచ్చినట్టు చెత్తబుట్టలో వేశాను. ఎంత తృప్తిగా వేశానో రాస్తే సిగ్గు.

జనవరి ఇరవైన మేఘ ఫోన్ చేసింది. "టీచర్, ఫిబ్రవరి నాలుగుకు గడువున్నది. కట్టాల్నా?"

"అక్కర లేదు బిడ్డా. నేను కట్టేసిన."

"మీరా? ఎక్కడ కట్టిన్రు టీచర్?"

"కట్టవలసిన చోట," అని పెట్టేశాను. పెట్టేశాక నవ్వుకున్నాను కూడా. ముసలమ్మ అనుకున్నారా అని.

సరే. ఇప్పుడు ప్రశ్న ఏమిటంటే, కట్టిన మనిషిది తప్పెట్లా అవుతుంది? పని చేయనిది ఆ కంపెనీ. సోమవారం ఫోన్ చేసి గట్టిగా అడుగుతాను. అది తేలేదాకా ప్రియకు చెప్పి ఆందోళన పెట్టడం ఎందుకు.

ఫిబ్రవరి 8, ఆదివారం

చర్చి దగ్గర పాస్టరమ్మగారు ఆపారు. నవంబరులో స్త్రీల కూడికలో నేను ఫోన్ మోసాల మీద మాట్లాడానట, అందరికీ ఎంతో మేలు జరిగిందట, ఈ గురువారం మళ్లీ మాట్లాడాలట. సంగమ్మ పక్కనుంచి, "టీచరమ్మ చెప్పినంక ఓటీపీ అడిగినోన్ని నేను ఏడు తరాలు తిట్టిన. మళ్ల చేస్తలేడు," అన్నది.

మాట్లాడతానని ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే ఎందుకని అడుగుతారు.

ఫిబ్రవరి 9, సోమవారం

ఫోన్ చేశాను. ఒక అమ్మాయి, మంచి ఇంగ్లీషు. "మేము సైటు పేర్ల గడువు పొడిగించము మేడమ్. ఇంటర్నెట్‌లో వెతికేవాళ్లకు మీ సైటు కనబడేలా మా జాబితాలో చేరుస్తాము. ఇది బిల్లు కాదు, మా సేవ తీసుకోవలసిందిగా విన్నపం మాత్రమే అని రెండో పేజీలో స్పష్టంగా రాశాము."

"సైటే లేనప్పుడు జాబితాలో దేన్ని చేర్చారమ్మా?" అన్నాను.

"ఈ సంభాషణకు ఒకటి నుంచి అయిదు వరకు మీ రేటింగ్ ఇవ్వండి మేడమ్," అన్నది.

మెయిల్ తెరిచి, తెరను రెండు వేళ్లతో సాగదీసి రెండో పేజీ చదివాను. చీమలు నిజమే చెబుతున్నాయి. ప్రశ్నపత్రం వెనక్కి తిప్పి చూడండిరా అని పరీక్ష పరీక్షకూ అరిచిన గొంతు ఇది.

ప్రియకు ఈ సాయంత్రం చెబుతాను.

తలనొప్పిగా ఉన్నది. రేపు చెబుతాను.

ఫిబ్రవరి 10, మంగళవారం

మేఘ వచ్చింది. ఎప్పుడూ స్కూటీ లోపలికి తెచ్చి జామచెట్టు కింద పెట్టేది. ఇవాళ గేటు బయటే పెట్టింది.

ప్రియ కూర్చోమనలేదు. నేను అన్నాను. ఆ పిల్ల కూర్చోలేదు.

"అక్కా, గడువుకు రెండు వారాల ముందుగాలనే ఫోన్ చేసిన నేను," అన్నది.

"ఎవలకు చేసినవు? నాకైతే రాలే."

"పేరు టీచర్ మీద ఉన్నది కదక్కా. టీచర్‌కే చేసిన."

"చేస్తే?"

మేఘ నా వైపు తిరిగింది. "టీచర్, మీరు జర చెప్పుండ్రి."

నేను అన్న మాటలు ఇక్కడ ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "ఫోన్ చేసినట్టే యాది ఉన్నది బిడ్డా. ఏం మాట్లాడుకున్నమో యాదికి లేదు. నాకీ సంగతులు తెల్వయి."

మూడు వాక్యాలు. మొదటిది నిజం.

"డెబ్బై ఏండ్ల మనిషికి ఒక ఫోన్ కొట్టి, నీ పని అయిపోయిందనుకున్నవా? ఆమెకేం తెలుస్తది?" అన్నది ప్రియ.

నన్ను వెనకేసుకొచ్చిందన్నమాట. 'ఆమెకేం తెలుస్తది' అని మామూలు రోజున అని ఉంటే ఇంట్లో వారం రోజుల యుద్ధం. ఇవాళ ఆ మాట చాటున దాక్కున్నాను. సరిగ్గా నా కొలతకే కుట్టినట్టున్నది.

మేఘ నెమ్మదిగానే అన్నది. "ఇప్పటికి గూడ ఏం కాలే అక్కా. గడువు దాటినంక నెల దాక పాత ఓనరుకే ఇస్తరు. టీచర్ మెయిల్ తెరిస్తే ఓటీపీ వస్తది. పది నిమిషాల పని."

మెయిల్ తెరిస్తే ఓటీపీ ఒక్కటే కనబడదు. జనవరి ఎనిమిది నాటి నోటీసు కనబడుతుంది. దాని కింద నేను కట్టిన రశీదు. చెత్తబుట్ట తెరిస్తే అసలు కంపెనీ పంపిన మెయిళ్లు.

"ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఊరందరికీ నేనే చెప్పిన కదా," అన్నాను.

మేఘ నన్ను చూసిన చూపు గురించి రాయను.

"మళ్ల నీ చేతికేనా? వద్దు తియ్యి," అన్నది ప్రియ. "మా పని నువ్వు చూసుడు ఇవాళ్టి నుంచి బంద్. మా ఆయన దోస్తు ఒకాయన పట్నంల ఉన్నడు, ఆయనే చూసుకుంటడు."

మేఘ వాదించలేదు. వెళ్తూ నాకు "వస్త టీచర్" అన్నది. ప్రియకు చెప్పలేదు. చెప్పకుండా ఉండవలసింది నాకు.

కోడి కూయకముందే పేతురు యేసును మూడుసార్లు ఎరగనన్నాడు. నావి లెక్కపెడితే రెండే వచ్చాయి. మా ఇంట్లో కోడి కూడా లేదు. కూర్చుని ఇలాంటివి లెక్కపెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 11

నా సంజాయిషీలు నేనే దిద్దుకున్నాను. వయసు డెబ్బై: ఇదే వయసులో పోయిన నెల మండలాఫీసులో మా పక్క పొలం సర్వే నంబరు తప్పు పట్టుకున్నది ఎవరు? చెల్లదు. సన్న అక్షరాలు కళ్లకు ఆనలేదు: కళ్లద్దాలు సంచిలో ఉన్నాయి, తీయలేదు. చెల్లదు. ఆ కంపెనీది మోసం: అవును, కానీ వాళ్లు మేఘ మీద నింద వేయలేదు, అది పూర్తిగా నా సొంత రచన. పదికి సున్నా. చేతిరాత బాగున్నందుకు అర మార్కు.

ఫిబ్రవరి 12, గురువారం

సంగమ్మ ఇంట్లో కూడిక. ఇరవై మంది దాకా వచ్చారు.

"ఒకావిడ ఉన్నది," అని మొదలుపెట్టాను. "మన వైపు కాదు. శంకర్‌పల్లి అవతల."

బాగానే చెప్పాను. సైటు ఉన్న వాళ్లందరికీ ఇలాంటి కాగితాలు వస్తాయి. పేరు ఏ కంపెనీ దగ్గర తీసుకున్నామో ఆ కంపెనీ అడిగితేనే కట్టాలి, ఎవరు పంపారో చూడకుండా ముట్టరాదు. చివరి నోటీసు అని భయపెడితే ఇంకా నిదానించాలి. చివరి పేజీలో చివరి అక్షరం దాకా చదవాలి. సైటు చూసుకునే మనిషికి ఒక్క ఫోన్ చేసి అడిగితే చాలు. అందరూ తలలు ఊపారు. అక్కడితో ఆపితే గౌరవంగా ఇంటికి వచ్చేదాన్ని. నోరు ఆగలేదు. ఆ ఆవిడ తాను కట్టిన సంగతి ఇంట్లో దాచిందనీ, నింద సైటు చూసే పిల్ల మీద పడిందనీ, ఆవిడ చూస్తూ కూర్చున్నదనీ కూడా చెప్పాను.

"ఆ ముసల్ది సదువుకున్నదా?" అని అడిగింది సంగమ్మ.

"బాగానే."

"అయితే కావాలనే చేసింది."

"భయపడ్డదేమో," అన్నాను.

"దేనికి? కొడుకు కొడతడా? కోడలు బువ్వ పెట్టదా?"

"లేదు. ఇంట్లో అందరూ మంచోళ్లే."

"మరి?"

వెనక నుంచి ఎవరో అన్నారు: "ఇజ్జత్ పోతదని."

"ఇజ్జత్ ఉన్నోళ్లు చేసే పనా అది," అని సంగమ్మ చాయ్ పోసి నా చేతికిచ్చింది. "టీచరమ్మా, నీదాంట్ల చక్కెర తక్కువనే ఏసిన. పాపం, ఆ ముసల్దాని కోసం ప్రార్థన చేద్దమా?"

ఇరవై మంది కళ్లు మూసుకుని ఆమె మనసు మార్చమని దేవుణ్ని అడిగారు. సంగమ్మ ప్రార్థన ఎప్పుడూ పొడుగే. చాయ్ చల్లారింది. చివర అందరితో పాటు నేనూ ఆమేన్ అన్నాను.

ఫిబ్రవరి 13

మనసు మారలేదు. ప్రార్థనకు కొంత వ్యవధి ఇవ్వాలి.

ఫిబ్రవరి 16, సోమవారం

భోజనాల దగ్గర నా కొడుకు రత్నాకర్ అన్నాడు, పట్నం దోస్తుతో మాట్లాడాడట. పాత పేరు వదిలేసి ప్రియ ఫ్లవర్స్ అని కొత్త పేరు తీసుకుంటే సరిపోతుందట. "నీ పేరు పోతుందని బాధపడకు అమ్మా," అన్నాడు. వాడు చేవెళ్ల దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. రక్తం చూసి రోగం చెబుతాడు, మొహం చూసి ఏదీ చెప్పలేడు.

నాకు హాయిగా అనిపించింది. అది రాసిపెట్టుకోవాలి. పాత పేరు పోతే నా మెయిల్ ఎవరూ తెరవరు. నోటీసు, రశీదు, చెత్తబుట్ట అన్నీ భద్రం. ఇంకో ముద్ద పెట్టించుకున్నాను.

అప్పుడు ప్రియ, "అజీజ్‌నగర్ రిసార్ట్ మేనేజర్ రంజిత్ ఫోన్ చేసిండు," అన్నది. "వాళ్ల సైటు పని మేఘకు ఇద్దమనుకున్నరట. మీ అనుభవం ఎట్లున్నదక్కా అని అడిగిండు. ఉన్నది ఉన్నట్టు చెప్పిన. ఇయ్యనన్నడు."

"ఉన్నది ఉన్నట్టా?" అన్నాను.

"అంటే? గడువు మరిచిపోయే మనిషి అని చెప్పిన. అబద్ధమా?"

రత్నాకర్ మజ్జిగ అడిగాడు. నేను లేచి మజ్జిగ తెచ్చాను.

ఫిబ్రవరి 17

మూఢాలు పోయాయి. నిన్నటి ముద్ద ఇంకా దిగలేదు.

ఫిబ్రవరి 18, బుధవారం, మధ్యాహ్నం

ఇవాళ్టి నుంచి లెంట్, ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాస కాలం. ప్రతి ఏడూ ఏదో ఒకటి మానేస్తాను. పోయినేడు చాయ్ మానేసి ఇంట్లో అందరినీ కరిచాను.

పదింటికి షేరింగ్ ఆటోలో మొయినాబాద్ వెళ్లాను. మేఘ ఆఫీసు మందుల షాపు పైన. మెట్లు పద్దెనిమిది. మధ్యలో రెండుసార్లు ఆగాను. మోకాళ్ల కోసం ఒకసారి.

మేఘ ఒక్కతే ఉన్నది. లేచి కుర్చీ వేసింది. ఈసారి నేను కూర్చోలేదు. కూర్చుంటే యోగక్షేమాలతో మొదలవుతుంది, అక్కడి నుంచి ఎక్కడికైనా పోతుంది.

"జనవరి ఇరవైన నువ్వు ఫోన్ చేసినవు," అన్నాను. "కట్టేసిన అని నేనే చెప్పిన. నాకు యాది ఉన్నది. మొన్న మా ఇంట్ల నువ్వు అడిగినప్పుడు గూడ యాది ఉండె."

"నాకు గూడ యాది ఉన్నది టీచర్."

"మరి ప్రియకు నువ్వెందుకు చెప్పలే?"

"చెప్తే నమ్మేటోళ్లెవరు? మండలంల సగం మంది మీ చేతికింద సదివినోళ్లే. మా నాయన గూడ. ఆ రోజు ఇంటికి పోయి నాయనకు చెప్పిన, టీచర్ అబద్ధమాడిందని. నన్నే తిట్టిండు. మా టీచర్‌ను అంత మాటంటవా అని."

వాళ్ల నాయన సత్తయ్యను ఒకసారి కాపీ కొట్టాడని బెంచీ ఎక్కించాను. నిజానికి కొట్టింది పక్కవాడు. అది ముప్పై అయిదేళ్ల కింద. ఇప్పుడు కూర్చున్నాను.

నోటీసు తీసి ఇచ్చాను. మేఘ ఒక చూపులోనే పక్కన పెట్టింది. "పేరు ఎవలది, గడువు ఎప్పుడున్నది, ఈ వివరాలన్ని ఎట్లనో సంపాదిస్తరు టీచర్. ఇసొంటి కాయిదాలు పంపుడే వాళ్ల పని. మా దగ్గర ఇంకో ముగ్గురికి వచ్చినయి. వాళ్లు ఎవలూ కట్టలే."

"వాళ్లకెట్ల తెలిసింది?"

"వాళ్లకు ఇంగ్లీషు రాదు. ఇదేందో చూడు బిడ్డా అని నా దగ్గరికి తెచ్చిన్రు."

నేను ఎం.ఏ. ఇంగ్లీషు, ఉస్మానియా.

మెయిల్ తెరిచి ఫోన్ ఆమె ముందు పెట్టాను. అన్నీ కనబడ్డాయి. ఓటీపీ వస్తే అంకెలు ఒక్కొక్కటే చదివాను. ఆమె కొట్టింది. పది నిమిషాలు పడుతుందన్నది, ఏడు పట్టింది.

"సాయంత్రం దాక వస్తది సైటు."

"అజీజ్‌నగర్ వాళ్లు?"

"వాళ్లు రారు టీచర్. వాళ్లను చూసి ఇంకో ఇద్దరు గూడ మార్చి నుంచి వద్దన్నరు. ఈ ఆఫీసు కిరాయి ఆ రిసార్ట్ పని వస్తదనే ఒప్పుకున్న." ఆమె కంప్యూటర్ వైపే చూస్తూ మాట్లాడింది.

"నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా."

నా ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టింది. తర్వాత అన్నది: "నాకు చెప్పుడు సులువే టీచర్. నాకు తెలిసిందే చెప్పిన్రు. తెల్వనోళ్లకు చెప్పుండ్రి."

నేను పాఠం చెప్పేటప్పుడు ఇంత క్లుప్తంగా ఎన్నడూ చెప్పలేదు.

అదే రోజు, సాయంత్రం అయిదున్నర

సైటు వచ్చింది. ప్రియ ఫోన్ పట్టుకుని గదిలోకి వచ్చింది. మొహమంతా నవ్వు. "వచ్చింది అత్తమ్మా. మన చామంతులన్ని మళ్ల వచ్చినయి. పట్నం దోస్తు ఏదో చేసినట్టున్నడు. చూసిన్రా, పని తెలిసినోళ్ల చేతిల పెడితే."

నేను అన్నది: "మంచిదే."

ఒక్క మాట. సైటు వచ్చింది, కోడలు నవ్వింది, పెళ్లిళ్ల సీజను దక్కింది, ఇక ఎవరూ ఏదీ వెతకరు. అన్నీ సర్దుకున్నాయి. ఒక పిల్ల తప్ప.

'మంచిదే' అన్నాక దేవుడితో మాట్లాడబుద్ధి కాలేదు. మొహం చెల్లలేదు.

ఫిబ్రవరి 19, గురువారం

పొద్దున ఎనిమిదింటికి పూల షెడ్డులోకి వెళ్లాను. దండలు కట్టే ఆరుగురూ ఉన్నారు. ప్రియ చామంతులు బుట్టల్లోకి వేరు చేస్తున్నది. ఆమెను పక్కకు పిలిచి చెబుదామనుకున్నాను. మేఘను అన్న మాటలు ఈ ఆరుగురి ముందు ఎన్నిసార్లు వినబడ్డాయో గుర్తొచ్చి అక్కడే నిలబడి చెప్పాను. నోటీసు, కట్టడం, ఫోన్, 'యాదికి లేదు' అనడం, నిన్న మొయినాబాద్, 'మంచిదే'. వరసగా, తేదీలతో. సూదులు ఆగిపోయాయి.

ప్రియ మొదట నవ్వబోయింది. నేనేదో వేళాకోళం చేస్తున్నాననుకున్నట్టున్నది. తర్వాత చేతిలో పువ్వులు బుట్టలో పెట్టింది.

"పైసలు దొంగలకు కట్టిన్రు. సరే. అది ఎవలికైనా అయితది అత్తమ్మా, నాకైనా అయితది. ఆ పిల్లను నిలబెట్టి నేను అన్ని మాటలంటుంటే మీరు పక్కన కుర్చీల కూసోని విన్నరు."

"విన్న."

"నన్నెందుకు ఆపలే?"

"ఆపితే నా సంగతి బయటపడతది."

"మీకేం తెల్వదని మీ తరఫున కొట్లాడిన నేను." గొంతు పెద్దది కాలేదు. పెద్దదైతే నాకు తేలికగా ఉండేది. "రంజిత్‌కు చెప్పిన. చిల్కూరుల పూలు కొనేటోళ్లకు చెప్పిన. నా నోటితోని మీ అబద్ధం ఊరంత తిప్పిన్రు. ఇప్పుడు వాళ్ల దగ్గరికి నేను ఏ మొఖం పెట్టుకోని పోవాలె?"

"నువ్వు పోవద్దు. నేను పోత."

"ఆ రంజిత్ మీ అసొంటోళ్లను గేటు దాటనియ్యడు."

"దాటనిచ్చేదాక నిలబడత."

ఆమె మళ్లీ పువ్వుల్లోకి వంగింది. ఆరుగురిలో ఎవరూ తల ఎత్తలేదు. నేను ఇంట్లోకి వచ్చాను.

మధ్యాహ్నం అన్నం పెట్టింది. వేడిగానే ఉన్నది. 'ఇంకొంచెం ఏయాల్నా' అని అడగలేదు. రత్నాకర్‌కు ఫోన్‌లో ఏం చెప్పిందో తెలియదు. వాడు నాకు చేయలేదు.

మేఘకు ప్రియ మూడుసార్లు ఫోన్ చేసింది. గోడ ఇవతలికి వినబడింది. మొదటి రెండుసార్లు ఆ పిల్ల ఎత్తలేదు. మూడోసారి ఎత్తినట్టున్నది. ప్రియ చాలాసేపు ఊ కొడుతూనే ఉన్నది. అది కూడా నా వల్లే.

ఫిబ్రవరి 20, శుక్రవారం

ప్రియా, ఈ ఒక్క పేజీ చింపి ఫ్రిజ్‌కు అంటిస్తున్నాను. నువ్వు మాట్లాడటం లేదు, అది న్యాయమే, అందుకని రాస్తున్నాను. క్షమాపణలు ఇందులో రాయను. కాగితం మీద నావి మరీ బాగా వస్తాయి, నమ్మబుద్ధవుతుంది.

రేపు పొద్దున తొమ్మిదింటికి కృష్ణయ్య ఆటో చెప్పు. ఎంతసేపు పడుతుందో తెలియదని ముందే చెప్పు, లేకపోతే గేటు దగ్గర గొణుగుతాడు. మొదట అజీజ్‌నగర్, తర్వాత చిల్కూరు, మేఘను వద్దన్న ఆ ఇద్దరి దగ్గరికి చివర. వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు మేఘను అడిగి తీసుకో. ఎందుకని అడిగితే చెప్పు. ఆమెను మాత్రం వెంట రమ్మనకు. నేను నా మాటలు వెనక్కి తీసుకుంటుంటే ఆ పిల్ల పక్కన నిలబడి మొహమాటపడాల్సిన పని లేదు.

రంజిత్ పదింటికి వస్తాడని నువ్వే ఒకసారి అన్నావు. ఆయనకు ముందుగా ఫోన్ చేసి ఏమీ వివరించకు. నువ్వు వివరిస్తే నన్ను కాపాడతావు, అలవాటు.

నువ్వు రాకపోయినా ఫరవాలేదు. వస్తే గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు ఇస్తాడు. పేరు, ఊరు, ఆటో నంబరు నువ్వు రాయి. 'వచ్చిన పని' అనే గడిలో పూల గురించి అని రాయకు. ఖాళీగా వదిలి పెన్ను నాకివ్వు.